లగ్గం లెక్క ఊరంతా కలిసి వేసుకుందాం

మాఘం దగ్గర పడుతోంది. వానాకాలం వడ్లు అమ్ముడుపోయి యాసంగి నాట్లు మొదలయ్యే ఈ రోజుల్లోనే మన హాలియా చుట్టుపక్కల సంబంధాలు కుదురుతాయి, లగ్గాలు పెట్టుకుంటారు. అనుముల, నిడమనూరు, త్రిపురారం, పెద్దవూర, గుర్రంపోడు మండలాల్లో ఏ ఊరికి పోయినా మాట రెండింటి మీదే నడుస్తోంది. సాగర్ నీళ్లు ఎన్ని తడులకు వస్తాయి? ఫలానా వాళ్ల పిల్ల పెళ్లికి ఎంత పెడుతున్నారు? మొదటి ప్రశ్న సంఘం మీటింగులో ఎవరైనా లేచి అడుగుతారు. రెండోది మాత్రం హోటల్ బల్ల దగ్గర మాట్లాడుకునేదే తప్ప మీటింగులో ఎత్తరు. అది ఎవరింటి విషయం వాళ్లది, పరువు సంగతి అంటారు.

మేము అలా అనుకోవడం లేదు. పెళ్లికి తెచ్చిన అప్పు తీర్చాల్సింది పొలమే. తీరకపోతే అమ్ముడుపోయేదీ పొలమే. కాబట్టి పెళ్లి ఖర్చు కూడా ఎరువుల ధర, కరెంటు, మద్దతు ధర లాగా రైతు సంఘం మాట్లాడాల్సిన విషయమే. దీని మీద మేము చెప్పదలుచుకున్నది ఒక్కటే. పెళ్లికి బడ్జెట్ వేసుకోవడం ఎవరికైనా వచ్చు, దాని మీద నిలబడటం ఒంటరి ఇంటి వల్ల కాదు. ఊరు కలిస్తేనే అది నిలబడుతుంది.

ఐదెకరాలు, ఐదు లక్షలు

ముందు లెక్క చూద్దాం. ఎడమ కాలువ కింద ఐదెకరాల సొంత పొలం ఉన్న రైతును తీసుకుందాం. ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు పండాయనుకుందాం. 2025-26కు ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే ఎకరాకు 59,725 రూపాయలు. దున్నకం, నారు, నాటు, మందుకట్టలు, పురుగుమందు, కోత మిషను, హమాలీ అన్నీ కలిపి ఎకరాకు 35 వేలు పోయాయనుకుంటే మిగిలేది 24,725. ఐదెకరాలకు ఒక పంటలో 1,23,625 రూపాయలు. తరుగు తీయకుండా, తాలు పేరు చెప్పకుండా, ఎండిపోకుండా, వడగండ్లు పడకుండా అన్నీ సవ్యంగా జరిగితేనే ఇది. కౌలు రైతుకైతే కౌలు కట్టాక ఈ మిగులు కూడా ఉండదు.

ఇప్పుడు ఇదే రైతు బిడ్డ పెళ్లికి 5 లక్షలు అప్పు తెచ్చాడనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీకి నెలకు 10 వేలు, ఏడాదికి 1,20,000. ఒక పంట మిగులు మొత్తం వడ్డీకే సరి. అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. మూడు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి 1,80,000. ఎకరాకు పంటకు 6 వేల చొప్పున వచ్చే రైతు భరోసా రెండు విడతలూ సరిగ్గా పడినా ఐదెకరాలకు ఏడాదికి 60 వేలు. అది రెండు రూపాయల వడ్డీలో సగానికి వస్తుంది.

ఇందులో ఇల్లు గడవడం లెక్క వేయలేదు. పిల్లల చదువు, ఆసుపత్రి ఖర్చులు లెక్క వేయలేదు. నీళ్లు రాని ఏడాది సంగతీ లెక్క వేయలేదు. 2023లో కృష్ణకు సరైన వరద రాక సాగర్ నిండలేదు, ఆ యాసంగికి ఎడమ కాలువ కింద పొలాలు బీడు పడ్డాయి. ఆ యేడు పంట లేకపోయినా వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది. కాలువ నీళ్లందని గుర్రంపోడు, పెద్దవూర మెట్ట ఊళ్లలో బోర్ల మీద పత్తి, బత్తాయి పెట్టుకున్న వాళ్ల పరిస్థితి ఇంకా కష్టం.

2018-19లో కేంద్రం చేయించిన జాతీయ నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 91 కంటే ఎక్కువ వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. సగటు అప్పు కుటుంబానికి 1,52,000 రూపాయలు. సగటు నెల ఆదాయం 9,403 రూపాయలు. పెళ్లి వచ్చేది ఈ అప్పు మీదికే.

పెళ్లి అప్పు వడ్డీతోనే ఆగిపోదు. చేతిలో ఉన్న పెట్టుబడి డబ్బు పెళ్లికి పోతే వచ్చే పంటకు విత్తనం, మందుకట్టలు ఉద్దెరకు తేవాలి. ఉద్దెర అంటే రేటు ఎక్కువ పడుతుంది. పంట రాగానే ఆ దుకాణం వాళ్లకే, వాళ్లు చెప్పిన ధరకే వడ్లు పోయాలి. కొనుగోలు కేంద్రంలో వంతు వచ్చేదాకా ఆగలేక మిర్యాలగూడ మిల్లుకు పచ్చి వడ్ల ట్రాక్టరు తోలి, అక్కడ ఎంతంటే అంతకు ఇచ్చి రావాలి. మద్దతు ధర కోసం మనం ధర్నా చేస్తాం. ఆ ధర వచ్చేదాకా ఆగే శక్తి రైతుకు లేకుండా చేసే వాటిలో పెళ్లి అప్పు ఒకటి.

ఈ అప్పుకు మాఫీ లేదు

2024 జూలై 18 నుంచి మూడు విడతలుగా 2 లక్షల దాకా రుణమాఫీ చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఎవరికి అందింది, ఎవరికి అందలేదన్నది వేరే పోరాటం. కానీ ఆ మాఫీ బ్యాంకులో తీసుకున్న పంట రుణానికే. ఊళ్లో ప్రాంసరీ నోటు రాసి తెచ్చిన పెళ్లి అప్పును ఏ ప్రభుత్వమూ మాఫీ చేయలేదు, చేయదు. బ్యాంకు పంట రుణం 3 లక్షల దాకా గడువులోపు కడితే ఏడాదికి నూటికి నాలుగు రూపాయల వడ్డీ పడుతుంది. ఊళ్లో పెళ్లి అప్పుకు రెండు నెలల్లోనే ఆ నాలుగు రూపాయలు అవుతాయి.

ఇంకో మాట బాధతో రాయాల్సి వస్తోంది. అప్పుల బాధతో రైతు ప్రాణం తీసుకుంటే ఆ కుటుంబానికి సాయం ఇవ్వాలని 2004లో ఉమ్మడి రాష్ట్రంలో 421 నంబరు జీవో వచ్చింది. తెలంగాణలో 2015లో 194 నంబరు జీవోతో ఆ సాయాన్ని 6 లక్షలకు పెంచారు. మండల స్థాయిలో, ఆ పైన డివిజను స్థాయిలో అధికారుల కమిటీలు విచారణ చేస్తాయి. అక్కడ మొదటి ప్రశ్నే అప్పు దేనికి తెచ్చారన్నది. 'బిడ్డ పెళ్లికి' అని ఇంటివాళ్లు నిజం చెబితే ఇది వ్యవసాయ కారణం కాదంటూ ఫైలు పక్కన పెట్టిన కేసులున్నాయి. పట్టా ఉన్నవాళ్లకు 18 నుంచి 59 ఏళ్ల దాకా 2018 నుంచి రైతు బీమా ఉంది, కారణంతో పని లేకుండా 5 లక్షలు వస్తాయి. పట్టా లేని కౌలు రైతు కుటుంబానికి ఆ జీవో ఒక్కటే దిక్కు. ఆ ఇంటి ఆడబిడ్డ పెళ్లే ఆ సాయానికి అడ్డుగా నిలుస్తోంది.

దీన్ని మేము ఒప్పుకోం. రైతుకు వేరే జీతం లేదు, వేరే వ్యాపారం లేదు. పిల్లల చదువైనా, పెళ్లైనా, రోగమైనా పంట మీదే గడవాలి. పంట గిట్టుబాటైతే ఆ అప్పే ఉండేది కాదు. దీన్ని వ్యవసాయ అప్పు కాదనడం అన్యాయం.

'దుబారా రైతు' అనే పాత మాట

రైతు అప్పుల పాలు కావడానికి పెళ్లిళ్ల దుబారాయే కారణమనే మాట ఇప్పటిది కాదు. 1875లో పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల్లో రైతులు వడ్డీ వ్యాపారుల మీద తిరగబడి అప్పు పత్రాలు తగలబెట్టారు. దక్కన్ అల్లర్లని చరిత్రలో చదువుకున్నది ఇదే. అప్పుడు విచారణకు వేసిన కమిషన్ ముందు కూడా ఈ వాదన వచ్చింది. బ్రిటిషు వాళ్లు వేసిన కమిషనే అయినా, పెళ్లి ఖర్చుకు ఇవ్వాల్సినదానికన్నా ఎక్కువ ప్రాధాన్యం ఇస్తున్నారని 1876 నివేదికలో రాసింది. పెళ్లి ఎప్పుడో ఒకసారి వచ్చే ఖర్చు. తిండికి, విత్తనానికి, శిస్తు కట్టడానికి మాటిమాటికీ తెచ్చే చిన్న అప్పులే వడ్డీతో పెరిగి రైతును ముంచుతున్నాయని తేల్చింది.

150 ఏళ్ల తర్వాతా మన మాట అదే. రైతు అప్పుకు మూలం గిట్టుబాటు లేని సాగు. ఎవరైనా టీవీలో కూర్చుని రైతులు పెళ్లిళ్లకు తగలేసి అప్పులంటున్నారని మాట్లాడితే ఈ సంగతి గుర్తు చేద్దాం. అయితే ఇందులో రెండో మాట కూడా ఉంది. చిన్న చిన్న సాగు అప్పులను ఒక్క దెబ్బకు తీరని అప్పుగా మార్చేది చాలా ఇళ్లలో పెళ్లే. మద్దతు ధర ఢిల్లీలో నిర్ణయిస్తారు. సాగర్ గేట్లు ఎప్పుడు ఎత్తాలో బోర్డులు, ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. మన పెళ్లిలో ఎన్ని విస్తళ్లు వేయాలో నిర్ణయించేది మనమే. మన చేతిలో ఉన్నది కాబట్టే దీని గురించి రాస్తున్నాం.

తులం బంగారానికి ఎన్ని క్వింటాళ్లు?

పెళ్లి ఖర్చు పెరగడం వేరు, అది పంట ధరను దాటిపోవడం వేరు. 2014లో 10 గ్రాముల బంగారం 28 వేల రూపాయల దగ్గర ఉండేది. ఆ యేడు ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర 1,400. అంటే తులం బంగారానికి 20 క్వింటాళ్ల వడ్లు అమ్మితే సరిపోయేది. 2025 ఏప్రిల్‌లో బంగారం 10 గ్రాములకు లక్ష రూపాయలు తాకింది. అప్పటికి వడ్ల ధర 2,320. అదే తులానికి 43 క్వింటాళ్లు అమ్మాలి. ఆ తర్వాత బంగారం ఇంకా పెరిగింది.

పదకొండేళ్లలో మన వడ్ల ధర రెండింతలు కూడా కాలేదు, బంగారం మూడున్నర రెట్లు దాటింది. అయినా పెళ్లి మాటల్లో 'పెద్ద బిడ్డకు ఐదు తులాలు పెట్టారు, చిన్న బిడ్డకూ ఐదు పెట్టాలి కదా' అంటారు. తులాల లెక్క మారలేదు. క్వింటాళ్ల లెక్క మాత్రం వంద నుంచి రెండు వందల పైకి పోయింది. మన లెక్కన ఐదు తులాలంటే ఎనిమిదెకరాలకు పైగా పండిన పంట మొత్తం, పెట్టుబడి కూడా తీయకుండా. పెళ్లి మాటల్లో తులాలు అనగానే పక్కనే క్వింటాళ్లు రాసుకోండి. అప్పుడు ఏం ఒప్పుకుంటున్నామో అర్థమవుతుంది.

బడ్జెట్ ఎక్కడ మొదలుపెట్టాలి

చాలా ఇళ్లలో ముందు ఖర్చుల జాబితా రాసి, చివర కూడి, ఆ మొత్తానికి డబ్బు ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతారు. వరస తిరగబడాలి. ముందు డబ్బెంత ఉందో రాయాలి, ఆ తర్వాతే ఖర్చు.

డబ్బు లెక్క వేసేటప్పుడు మూడు మూటలు ముందే పక్కన పెట్టాలి. ఒకటి, వచ్చే పంట పెట్టుబడి. రెండు, వచ్చే పంట దాకా ఇంటి ఖర్చు. మూడు, నీళ్లు రాకపోతే గడవడానికి ఎంతో కొంత. ఈ మూడూ తీశాక చేతిలో మిగిలిందే పెళ్లి డబ్బు. ఏడాదికి 40 వేల చొప్పున ఐదేళ్లు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో దాచుకుంటే 2 లక్షలు అవుతాయి. దానికి ఒక పంట మిగులులోంచి లక్ష కలిస్తే 3 లక్షలు. అప్పు తప్పనిసరైతే ఒక్క పంట మిగులుతో తీరిపోయేంతే తేవాలి. పొలం అమ్మి పెళ్లి చేయడమన్నది లెక్కలోకే రాకూడదు.

లెక్కలోకి రాకూడనివి ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి కల్యాణలక్ష్మి. 2014 అక్టోబరు 2న 51 వేలతో మొదలైన ఈ పథకం ఇప్పుడు 1,00,116 రూపాయలకు చేరింది. ఆడపిల్లకు 18 ఏళ్లు నిండాలి, ఆదాయం పరిమితి లోపల ఉండాలి. చెక్కు పెళ్లికూతురి తల్లి పేరున వస్తుంది. అయితే అది పెళ్లి అయ్యాకే, చాలా ఇళ్లకు నెలల తర్వాతే వస్తోంది. దాన్ని చూసుకుని ముందే ఖర్చు పెడితే, చెక్కు వచ్చేలోపు వడ్డీ దాన్ని కొంత మింగేస్తుంది. వచ్చినప్పుడు అప్పుకు కట్టడానికో, బిడ్డ పేరున వేయడానికో దాన్ని వదిలేయాలి. రెండోది చదివింపులు. చదివింపుల పుస్తకంలో రాసిన ప్రతి రూపాయీ రేపు మనం వాళ్లింటి శుభకార్యంలో తిరిగి పెట్టాల్సిందే. దాన్ని ఆదాయమనుకోవద్దు.

ఇక ఖర్చు. ముందు ఎంతమందిని పిలవాలో తేల్చుకోవాలి. హాలు, వంట, పందిరి అన్నీ ఆ సంఖ్యను బట్టే ఉంటాయి. ముందు ఫంక్షన్ హాలుకు బయానా ఇచ్చేసి, అంత పెద్ద హాలు నింపాలి కదా అని కార్డులు పంచడం తిరగబడ్డ పద్ధతి. ప్లేటుకు 350 రూపాయలు అనుకుంటే వంద మందికి 35 వేలు. పైన మనం వేసుకున్న ఎకరం పెట్టుబడి కూడా అదే 35 వేలు. ఇంకో వంద కార్డులు అచ్చు వేయించే ముందు ఒక ఎకరం నాటును మనసులో పెట్టుకోవాలి.

3 లక్షల్లో ఒక పెళ్లి ఎలా ఉంటుందో చూద్దాం. మూడు వందల మందికి భోజనం 1,05,000. పుస్తెలు, మెట్టెలు, కొద్దిపాటి బంగారం 60 వేలు. బట్టలు 40 వేలు. పందిరి, టెంటు, కుర్చీలు, మైకు 25 వేలు. అయ్యగారు, మేళం, ఫొటోలు 25 వేలు. కార్డులు, బండ్లు 15 వేలు. అనుకోని ఖర్చుకు 30 వేలు. సరిగ్గా 3 లక్షలు. పెళ్లి ఇంటి ముందే, లేదంటే ఊళ్లో ఖాళీ జాగాలో. హల్దీకి ఒక స్టేజీ, సంగీత్‌కు ఒక స్టేజీ, పెళ్లికి ముందు షూటింగు, బరాత్‌కు డీజే ఇందులో లేవు. ఇవి లేకపోయినా ఆ పెళ్లికి వచ్చిన లోటేమీ లేదు. ధరలు ఊరిని బట్టి మారతాయి, మీ అంకెలు మీరు వేసుకోండి. కూడిక మాత్రం చేతిలో ఉన్న డబ్బు దగ్గర ఆగాలి.

రాసుకున్నదాని మీద నిలబడటానికి కొన్ని పనులు చేయాలి. ఒక నోటుబుక్కులో మూడు గడులు గీయండి. అనుకున్నది, ఇచ్చిన బయానా, ఇంకా ఇవ్వాల్సింది. డబ్బు ఒక్కరి దగ్గరే ఉండాలి. మా అనుభవంలో ఆ ఒక్కరు ఇంటి ఇల్లాలైతే మేలు. మహిళా సంఘం పొదుపు పుస్తకం రాసిన చేతికి ఇది కొత్త కాదు. ఒక పద్దు పెరిగితే ఇంకో పద్దులో అంత తగ్గించాలి. కొత్త ఖర్చు ఎవరు చెప్పినా అదే రోజు ఒప్పుకోవద్దు, ఒక రాత్రి ఆగాలి. పెళ్లి చేసుకునే పిల్లను, పిల్లవాణ్ని కూర్చోబెట్టి ఈ పుస్తకం చూపించాలి. నాన్న ఎక్కడినుంచి తెస్తున్నాడో తెలిసిన పిల్లలు చాలామంది తామే తగ్గించమంటారు.

ముహూర్తం సంగతీ చూసుకోవాలి. శ్రావణంలో పెళ్లంటే చేతిలో డబ్బంతా వానాకాలం నాట్లలో ఉంటుంది. వైశాఖంలో అంటే యాసంగి వడ్లు కల్లంలోనో, కొనుగోలు కేంద్రంలోనో ఉంటాయి, డబ్బు ఖాతాలో పడి ఉండదు. మాఘ ఫాల్గుణాలకైతే వానాకాలం పంట డబ్బు ఇంటికి చేరుతుంది. యాసంగి పెట్టుబడి పక్కన పెట్టి మిగిలినదానితో చేసుకోవచ్చు. మంచి ముహూర్తం అడిగేటప్పుడే అయ్యగారికి ఈ మాట కూడా చెప్పండి.

ఒక్క ఇల్లు ఎందుకు నిలబడలేదు

ఇవన్నీ తెలియనివి కావు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. విత్తనం నుంచి కోత దాకా రూపాయి రూపాయి లెక్క చూసే రైతుకు పెళ్లి లెక్క రాదనడం సరికాదు. మరి ఎందుకు తప్పుతుంది? మొన్న పక్కింటి పెళ్లికి ఎనిమిది యాటలు కోశారు, మనం నాలుగు కోస్తే ఏమంటారు అన్న భయం వల్ల. 'ఇంత పొలం ఉండి ఇంతేనా' అని వియ్యాలవారు అంటారన్న భయం వల్ల. తక్కువలో చేస్తే బిడ్డను అత్తగారింట్లో చిన్నచూపు చూస్తారేమో అన్న భయం వల్ల. ఈ చివరి భయం ఉత్తది కాదు, అందుకే తండ్రి నోటు మీద సంతకం పెడతాడు. ఈ భయాలు నోటుబుక్కుతో పోవు. ఊళ్లో అందరూ ఒకే పద్ధతిలో చేస్తే పోతాయి.

ఇది ఊహ కాదు, మన కళ్ల ముందే జరిగింది. 2020 ఎండాకాలంలో కరోనా వచ్చినప్పుడు పెళ్లికి 50 మందికి మించి రావొద్దని కేంద్రం ఆంక్ష పెట్టింది. ఆ యేడు మన ఊళ్లలో ఇంటి ముందు పందిరి వేసి, దగ్గరి చుట్టాలతో పెళ్లిళ్లు చేశారు. ఎవరి పరువూ పోలేదు. ఎందుకంటే అందరికీ ఒకటే నియమం, పోటీ పడటానికి పక్కింట్లో పెద్ద పెళ్లి లేదు. ఆ పెళ్లిళ్లు చేసుకున్న జంటలు అందరిలాగే కాపురం చేసుకుంటున్నాయి. రోగం భయంతో పాటించిన నియమం లాంటిది మన మంచి కోసం మనమే పెట్టుకోలేమా?

ఊరు తలుచుకుంటే ఎంత పని అవుతుందో చెప్పడానికి నెల్లూరు జిల్లా దూబగుంట చాలు. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్లు కలిసి సారా దుకాణాన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది, 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం దాకా తెచ్చింది. ఏ ఆడమనిషీ ఒంటరిగా తన ఇంట్లో తాగుడు ఆపలేకపోయింది, ఊరంతా కలిస్తే ఆపగలిగారు.

మన జిల్లా చరిత్ర కూడా ఒకసారి తలుచుకుందాం. నిజాం కాలంలో దొర గడీలో పెళ్లి అంటే గొల్లలు గొర్రెలు ఇవ్వాలి, మిగతా కులాలవాళ్లు తమ తమ పని వెట్టిగా చేయాలి. ఆ వెట్టి మీద, ఆ నజరానాల మీద 1940లలో నల్లగొండ పల్లెలు తిరగబడ్డాయి. ఆ పోరాటం నడిపిన వాళ్లు, ఆ తర్వాత ఎర్రజెండా వాళ్లు దండలు మార్చుకుని పెళ్లిళ్లు చేసుకున్నారు, చేయించారు. దొర ఇంటి పెళ్లికి గొర్రె ఇవ్వనని నిలబడిన ఊళ్ల మనవలు, మనవరాళ్లు ఇవాళ తమ ఇంటి పెళ్లికి దొర పెళ్లి హంగులు చేయడానికి వడ్డీకి సంతకం పెడుతున్నారు. ఇది మారాలి.

కట్నం ఉన్న చోట బడ్జెట్ లేదు

పైన రాసిన 3 లక్షల లెక్క చదువుతూ చాలామంది నవ్వుకుని ఉంటారు. కట్నం ఏది, బండి ఏది, పెట్టిపోతలేవి అని. నిజమే. చాలా ఇళ్లలో పెళ్లి భోజనం ఖర్చు చిన్నది, కట్నమే పెద్దది. అది మనం రాసుకునే అంకె కాదు, అవతలివాళ్లు చెప్పే అంకె. అందుకే కట్నం ఉన్న చోట బడ్జెట్ అనే మాటకు అర్థం లేదు.

వరకట్న నిషేధ చట్టం 1961 నుంచి ఉంది. కట్నం ఇచ్చినా తీసుకున్నా ఐదేళ్లకు తగ్గని జైలు. జరిమానా 15 వేలు లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే అది. అడగకుండా ప్రేమతో పెట్టే కానుకలకు చట్టం అడ్డు చెప్పదు. కానీ అవి శక్తికి మించకూడదు, జాబితా రాసి రెండు వైపులా సంతకాలు చేసుకోవాలని 1985 నియమాలు చెబుతున్నాయి. ఎవరి చేతికి వెళ్లినా ఆ సొమ్ము పెళ్లికూతురిదే, మూడు నెలల్లో ఆమెకు అప్పగించాలి. ఆ జాబితా రాసుకోవడం అనుమానం కాదు, బిడ్డకు భద్రత.

ఇంకో చట్టం కూడా రైతు ఇళ్లు గుర్తుపెట్టుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు వచ్చింది. కేంద్రం 2005లో దేశమంతటికీ ఆ హక్కు ఇచ్చింది. కట్నం ఇచ్చేశాం కాబట్టి ఆమెకు పొలంలో వాటా లేదనే మాట చట్టం ముందు నిలవదు. బిడ్డకు ఏమైనా ఇవ్వాలనుకుంటే ఆమె పేరున రిజిస్ట్రేషన్ చేసి ఇవ్వండి. అల్లుడి చేతిలో పెట్టిన నగదు కన్నా ఆమె పేరున ఉన్న అరెకరం ఆమెకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

కట్నం గురించి బాధపడే ఇల్లే రేపు కొడుక్కి సంబంధం చూసేటప్పుడు అంకె చెబుతుంది. ఇచ్చిన దగ్గర పోయింది, తీసుకునే దగ్గర రాబట్టుకోవాలంటారు. ఈ లెక్కలో చివరికి మిగిలేది వడ్డీ వ్యాపారే. ఈ గొలుసు ఎవరో ఒకరు తెంచాలి. అది తీసుకునే వైపు నుంచే తెగుతుంది. కొడుకు ఉన్న ఇల్లు 'మాకు వద్దు' అన్న రోజున, కూతురు ఉన్న ఇంటి బడ్జెట్ తనంత తానే నిలబడుతుంది.

ఊరి తీర్మానం

ఈ మాఘంలో లగ్గాలు మొదలుకాకముందే ప్రతి ఊళ్లో సంఘం శాఖ ఒక మీటింగు పెట్టాలని మేము కోరుతున్నాం. ఆడవాళ్లు, యువకులు తప్పనిసరిగా ఉండాలి. కులం వారీగా కాకుండా ఊరంతా ఒకచోట కూర్చోవాలి. అక్కడ నాలుగు మాటల మీద ఒప్పందానికి వద్దాం. పిలుపులు ఇన్ని వందలకు మించొద్దు. పెళ్లి భోజనం ఒక్క పూటే. డీజే, బాణాసంచా వద్దు. కొడుకు పెళ్లికి కట్నం అడగొద్దు. సంఖ్య ఎంతో ఆ ఊరే తేల్చుకోవాలి.

ఇందులో జరిమానాలు, వెలివేతలు ఉండకూడదు. ఊరి కట్టుబాటు పేరుతో పేదల మీద, వేరే కులం పిల్లను చేసుకున్నవాళ్ల మీద కక్ష తీర్చుకునే పద్ధతిని సంఘం ఎప్పుడూ ఒప్పుకోదు. ఇది బలవంతం కాదు, మాట. ఆ మాటకు బలం రావాలంటే ముందు సంఘం బాధ్యుల ఇళ్లలో, ఊళ్లో నాలుగెకరాలు ఎక్కువ ఉన్నవాళ్ల ఇళ్లలో అమలు కావాలి. పెద్ద రైతు తగ్గిస్తే చిన్న రైతు గౌరవంగా తగ్గించుకోగలడు. పెద్ద రైతు తగ్గించకుండా చిన్న రైతుకు పొదుపు పాఠం చెబితే అది అవమానం.

చదివింపుల పుస్తకాన్ని మళ్లీ బతికించుకుందాం. ఒకప్పుడు ఊళ్లో పెళ్లి అంటే ఒకరు బియ్యం, ఒకరు కూరగాయలు, ఒకరు కట్టెలు, ఒకరు పని. పుస్తకంలో రాసుకుని తిరిగి పెట్టేవాళ్లు. నోటు లేదు, వడ్డీ లేదు. ఇప్పుడు స్టీలు సామాను, గోడ గడియారాలు చదివిస్తున్నారు, ఎదురు బహుమతులు ఇస్తున్నారు. వాటి బదులు పెళ్లికి ముందే డబ్బు, ధాన్యం చేరితే ఆ ఇంటికి కొంత అప్పు తప్పుతుంది.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడు. కల్యాణలక్ష్మి సొమ్ము పెళ్లికి ముందే ఖాతాలో పడాలి. చెక్కు కోసం సభల్లో ఎదురుచూపులు వద్దు. కొనుగోలు కేంద్రంలో తూకం అయిన వెంటనే ధాన్యం డబ్బు ఇవ్వాలి. అది ఆలస్యమైన ప్రతి రోజూ రైతు ఇంట్లో వడ్డీ లెక్క నడుస్తుంది. 194 జీవో విచారణల్లో పెళ్లి అప్పు, ఆసుపత్రి అప్పు, చదువు అప్పు అని రైతు అప్పును ముక్కలు చేయడం ఆపాలి. ఈ మూడింటి మీద మండల కార్యాలయాల్లో వినతిపత్రాలు ఇద్దాం, అవసరమైతే హాలియా సెంటర్లో కూర్చుందాం.

ప్రభుత్వం ఈ మూడూ రేపే చేసినా, ఊరి మాట లేకపోతే వచ్చిన డబ్బు వచ్చినట్టే పందిరి గుంజలకు, డీజే పెట్టెలకు పోతుంది. శాఖల కార్యదర్శులు తమ ఊరి మీటింగు తేదీని, తీర్మానం కాగితాన్ని మండల కమిటీకి పంపండి. ఏ ఊరు ఎన్ని పిలుపులకు ఒప్పుకుందో, ఏ ఊళ్లో మొదటి పెళ్లి ఆ లెక్కన జరిగిందో వచ్చే సంచికలో ఊరి పేరుతో సహా వేస్తాం.